‘మీగర్’ అంటే కొద్ది కాదు, అరకొర

దాచేపల్లి వైపు మిర్చి రైతును వానలు మొహం చాటేసిన ఏడాది దిగుబడి ఎలా ఉందని అడిగి చూడండి. ‘అరకొరే’ అంటాడు. ‘కొద్దిగా’ అనడు. అరకొరలో లెక్క ఒక్కటే లేదు, చాలలేదన్న బాధ కూడా ఉంది. ఇంగ్లిష్‌లో ఆ పని చేసే విశేషణం ‘మీగర్’. బక్కచిక్కిన అని అర్థమిచ్చే లాటిన్ మాట ‘మాకెర్’ నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. మీగర్ ఇన్‌కమ్, మీగర్ యీల్డ్, మీగర్ రెయిన్‌ఫాల్ అంటే అందుకే అతికినట్టు సరిపోతుంది.

‘స్మాల్’ అంటే చిన్న మొత్తం, అంతే. ‘మీగర్’ అంటే చాలీచాలని మొత్తం. ఈ తేడా ఇంటర్వ్యూలో అసలుకే ఎసరు పెట్టొచ్చు. దగ్గర్లోని సిమెంటు ఫ్యాక్టరీకో, హైదరాబాద్ ఆఫీసుకో వెళ్లి ‘ఐ హావ్ మీగర్ ఎక్స్‌పీరియన్స్’ అన్నారనుకోండి. మీరు వినయం అనుకుంటారు. వాళ్లకు మాత్రం ‘నా అనుభవం ఎందుకూ చాలదు’ అని వినిపిస్తుంది. దాని బదులు ‘సిక్స్ మంత్స్ ఎక్స్‌పీరియన్స్’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పాత కొలువులో ‘మీగర్ శాలరీ’ ఇచ్చారన్నా అది ఫిర్యాదే అవుతుంది.

ఇంకో మాట. మనుషులు తక్కువ మంది ఉంటే ‘మీగర్ పీపుల్’ అనకూడదు, ‘ఫ్యూ పీపుల్’ అనాలి. స్పెల్లింగ్ చివర బ్రిటిష్ వాళ్లు ‘ఆర్ఈ’, అమెరికన్లు ‘ఈఆర్’ రాస్తారు. రెజ్యూమె మొత్తం ఏదో ఒక్క పద్ధతే పాటించండి.

మన ఊళ్లలో కోచింగ్, లైబ్రరీ సౌకర్యాలు అరకొరే. ఆ మాట వాటికి వాడండి. మీకు మీరు తగిలించుకోకండి.