చదువుల గడప – 6: ఓపెన్ అంటే ఎవరిది?

ఈ భాగంలో హాస్టల్ మెస్ బకాయిల గురించి రాస్తానని పోయినసారి మాటిచ్చాను. దాన్ని వచ్చే భాగానికి వాయిదా వేస్తున్నాను. కారణం మొన్న రాత్రి పదిన్నరకు వచ్చిన ఒక ఫోను.

డిగ్రీ పూర్తయిన పిల్ల. నాన్నది సుతారి పని. పీజీ ఎంట్రన్స్ రాసింది, ర్యాంకొచ్చింది, సీటొచ్చింది. "అన్నా, నాకు ఎస్‌ఎఫ్‌ల వచ్చింది. ఎస్‌ఎఫ్ అంటే స్కాలర్‌షిప్ ఫ్రీ అనే గదా?" అని అడిగింది. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు అదే కాలేజీ, అదే సబ్జెక్టు రెండు వరసల్లో కనిపించాయట. ఒకదాని పక్కన ఏమీ లేదు. రెండోదాని పక్కన ఎస్‌ఎఫ్ అని ఉంది. ఏదో సౌకర్యం కాబోలు అనుకుని దాన్నే ముందు పెట్టింది.

ఎస్‌ఎఫ్ అంటే సెల్ఫ్ ఫైనాన్స్. ఖర్చు నీది, బోర్డు యూనివర్సిటీది. మామూలు సీటు ఫీజుకి అది కొన్ని రెట్లు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పక తప్పలేదు. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా, "మరి ఆ రెండక్షరాలు అక్కడ ఎవరి కోసం రాసిన్రన్నా?" అంది.

నేను ఇవాళ రాస్తున్నదంతా ఆ ప్రశ్న గురించే.

కొన్నేళ్ల కింద ఒక సదస్సులో ఒక ప్రొఫెసర్ గారు సెలవిచ్చారు: ప్రాస్పెక్టస్ చదివి అర్థం చేసుకోలేనివాడికి యూనివర్సిటీ ఎందుకని. చప్పట్లు కూడా పడ్డాయి. ఆయన్ని ఒక్కటడుగుతాను. సార్, మీ అబ్బాయి ప్రాస్పెక్టస్ చదివి తెలుసుకున్నాడా? మీ ఇంట్లో అన్నం తింటూ తెలుసుకున్నాడు. సెమిస్టర్, క్రెడిట్, స్పాట్, ఫెలోషిప్, గైడు – ఈ మాటలన్నీ మీ డైనింగ్ టేబుల్ మీద పప్పూ పచ్చడితో పాటు ఉంటాయి. మా ఇళ్లలో కంచం చుట్టూ వేరే మాటలుంటాయి. రేపటి కూలి, డ్వాక్రా కిస్తీ, రేషను బియ్యం. మీ వాడికి తెలిసినదాన్ని మీరు తెలివి అంటారు. నేను దాన్ని ఆస్తి అంటాను. భూమిలాగే అదీ తరాల నుంచి కొందరి చేతుల్లోనే ఉంది.

నా సంగతే చెబుతాను. మా వాడ నుంచి పీజీకి వెళ్లిన మొదటివాణ్ణి నేను. అప్పట్లో కౌన్సెలింగ్ అంటే హాలు, బెంచీలు, మైకు. నా ర్యాంకు ఓపెన్‌లోనే సీటొచ్చే ర్యాంకు. కౌంటర్ దగ్గరాయన నా కుల సర్టిఫికెట్ చూసి, "ఇది ఓసీ లైను బాబూ, నీది అటు" అని చెయ్యి చూపించాడు. వెళ్లి నిలబడ్డాను. ఓసీ అంటే అగ్రకులాలని నా మనసులో నాటుకుపోయి ఉంది మరి. మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా అదే అర్థం. ఎస్సీ కోటాలో చివరి సీటు నేను తీసుకున్నాను. నా వెనక నిలబడ్డ మా పక్క మండలం కుర్రాడు ఖాళీ చేతులతో బస్సెక్కాడు. వాడి సీటు నేను తిన్నానని నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ మింగుడు పడదు.

అందుకే మొదటి మాట అదే. ఓసీ అంటే ఓపెన్ కాంపిటీషన్. అది ఏ కులానికీ కోటా కాదు. ర్యాంకు ఉన్న ఎవరైనా కూర్చోగల బెంచీ. మెరిట్ మీద ఓపెన్‌లో ఎంపికైన ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థిని రిజర్వుడు సీట్ల లెక్కలో వేయకూడదని 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఓపెన్ కేటగిరీ అందరికీ తెరిచి ఉన్నదేనని 2020లో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ చెప్పాల్సి వచ్చిందంటే, ఆ బెంచీ మీద తువ్వాలు వేసుకుని కూర్చున్నవాళ్లు లేవలేదనే కదా అర్థం. మన ర్యాంకుకి ఓపెన్‌లో సీటుంటే ఓపెన్‌లోనే అడగాలి. అప్పుడు మన వెనకవాడు బస్సెక్కి ఇంటికి పోడు.

రెండో మాట కోటా. దీన్ని మన నోట తిట్టులాగా పలుకుతారు. కన్వీనర్ కోటా అంటే ర్యాంకు, రిజర్వేషన్ ప్రకారం ప్రభుత్వ కౌన్సెలింగ్ నింపే సీటు. మేనేజ్‌మెంట్ కోటా అంటే యాజమాన్యం నింపుకునే సీటు. డబ్బున్నవాడి కోటా అన్నమాట. దాన్ని కోటా అని ఎవరూ ఎగతాళి చేయరు చూడండి. స్పాట్ అడ్మిషన్ అంటే విడతలన్నీ అయ్యాక మిగిలిన సీట్లను అప్పటికప్పుడు ఇవ్వడం. "స్పాట్‌లో చేరు, సీటు గ్యారంటీ" అని ఫోన్లు చేసే పీఆర్వోలు చెప్పని సంగతి ఒకటుంది. మేనేజ్‌మెంట్ కోటాలోగానీ స్పాట్‌లోగానీ చేరితే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రాదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపున్న ఎస్సీ విద్యార్థికి రావలసిన డబ్బు, ఒక్క మాట తెలియక పోతుంది.

ఆ డబ్బులో రెండు ముక్కలుంటాయి. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్. ఎంటీఎఫ్ అంటే నీ తిండికీ, పుస్తకాలకీ ఇచ్చే మెయింటెనెన్స్. ఇవి దయ కాదు. ఈ స్కాలర్‌షిప్ పథకం 1944లో మొదలైంది. అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్‌లో బాబాసాహెబ్ సభ్యుడు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు తీరిపోయి 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చినవాడాయన. మళ్లీ వెళ్లడానికి 1920 దాకా ఆగాల్సి వచ్చింది. స్కాలర్‌షిప్ ఆగితే ఏమవుతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇవాళ ప్రభుత్వం బకాయి పెడితే కాలేజీ మన ఒరిజినల్స్ పట్టుకుని కూర్చుంటుంది. బాకీ పడింది సర్కారు, తాకట్టు మన టీసీ! ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. నోడ్యూస్ అనే మాట వినగానే తల దించుకోకండి. నోటితో వాదించొద్దు. కాగితం మీద అడగండి, కాగితం మీద జవాబు తీసుకోండి.

మూడో మాట క్రెడిట్. మన దగ్గర క్రెడిట్ అంటే కిరాణా కొట్లో చిట్టా. ఇక్కడ మాత్రం చదువు కొలిచే కుంచం. సెమిస్టర్ పొడవునా వారానికో గంట పాఠం వింటే ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే రెండు గంటలకి ఒకటి. దీనిలో మోసమేమీ లేదు. మోసం దీని పక్కన వచ్చి కూర్చున్న మాటలో ఉంది. ఆ మాట ఎగ్జిట్. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక, ఏడాది చదివి 40 క్రెడిట్లతో వెళ్లిపోతే సర్టిఫికెట్, రెండేళ్లకి 80తో డిప్లొమా, మూడేళ్లకి 120తో డిగ్రీ, నాలుగేళ్లకి 160తో ఆనర్స్ అంటున్నారు. మధ్యలో మానేస్తే చేతిలో ఏదో ఒక కాగితం ఉండటం మంచిదే కదా అని మీరనొచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ మొదటి ఏడాదే ఎగ్జిట్ తీసుకునేది ఎవరి పిల్లలు? ఫీజు కట్టలేనివాళ్లు, ఇంట్లో తండ్రి మంచాన పడ్డవాళ్లు, పెళ్లి చేసేసిన ఆడపిల్లలు. నిన్నటిదాకా దీన్ని డ్రాపవుట్ అనేవాళ్లు. డ్రాపవుట్ అంటే ప్రభుత్వం జవాబు చెప్పాలి. ఎగ్జిట్ అంటే నువ్వే తలుపు తీసుకుని వెళ్లిపోయావు. జవాబుదారీ నీ నెత్తిన పడింది. మాట మారితే నేరస్తుడే మారిపోయాడు.

నాలుగో మాట కండోనేషన్. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మామూలుగా 75 శాతం హాజరుండాలి. ఒక పది శాతం దాకా తగ్గితే అనారోగ్యం కారణం చూపి, ఫీజు కడితే మన్నిస్తారు. దానికి పేరు కండోనేషన్. ఇంకా తగ్గితే డిటెన్షన్. ఏడాది పోయినట్టే. పత్తి ఏరడానికో, రాత్రిళ్లు క్యాటరింగ్‌కో పోయి క్లాసు తప్పిన పిల్లవాడికి జ్వరం సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుంది? జ్వరానికి మన్నింపు ఉంది, ఆకలికి లేదు. కనీసం చివరి వారం దాకా ఆగకండి. నెలనెలా మీ హాజరు శాతం అడిగి రాసుకోండి. తగ్గుతోందంటే అప్పుడే దరఖాస్తు పెట్టండి.

అయిదో మాట వైవా. ఇది పీహెచ్‌డీకి పోయే అన్నలకీ అక్కలకీ. వైవా అంటే నోటి పరీక్ష. 2016 యూజీసీ నిబంధనల్లో రాత పరీక్షను కేవలం అర్హతకి కుదించి, ఎంపిక మొత్తాన్ని వైవా చేతిలో పెట్టారు. రాతలో మన పేరు కనిపించదు. వైవాలో పేరు, ఇంటిపేరు, ఊరు, ఇంగ్లీషు, చొక్కా అన్నీ కనిపిస్తాయి. దేశమంతా విద్యార్థులు కొట్లాడితే తర్వాత అది సవరించారు. కానీ ఎన్‌ఎఫ్‌ఎస్ అనే ముద్ర మిగిలే ఉంది. నాట్ ఫౌండ్ సూటబుల్. యోగ్యుడు దొరకలేదట. అభ్యర్థులు ఎదుట కూర్చునే ఉంటారు, సీటు మాత్రం ఖాళీగా పోతుంది. వేమన్నని కూర్చోబెట్టినా వీళ్లు ఛందస్సు అడిగి పంపించేసేవాళ్లు.

ఇంకో మాట ప్రాస్పెక్టస్ చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈక్వల్ ఆపర్చునిటీ సెల్. 2012 యూజీసీ నిబంధనల ప్రకారం ఉన్నత విద్యాసంస్థల్లో ఇలాంటి సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. చేరిన మొదటి వారంలోనే వెళ్లి ఆ గది ఎక్కడుందో చూడండి. తాళం వేసి ఉంటే తాళం ఫొటో తీసి పెట్టుకోండి. రేపు పనికొస్తుంది.

ఇదంతా చదివి ఎవరైనా, ఇంత భయపెడితే పిల్లలు చేరతారా అనొచ్చు. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ మాటలకి మనం లోబడి ఉండాల్సిన పనిలేదని చెప్పడం నా ఉద్దేశం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థుల మీద చర్య తీసుకున్నప్పుడు అధికారుల భాషలో దాని పేరు సస్పెన్షన్. హాస్టల్లో ఉండొద్దు, పరిపాలనా భవనానికి, ఉమ్మడి స్థలాలకి రావొద్దు. ఆ కాగితాన్ని రోహిత్ వేముల, అతని సహచరులు చదివి ఊరి భాషలోకి మార్చారు. బయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ మనల్ని విడిచి వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాట మాత్రం ఆ కాగితం అసలు అర్థాన్ని దేశం మొత్తానికీ చెప్పింది. వాళ్ల నిఘంటువు నేర్చుకోవడం ఎంత అవసరమో, దాన్ని మన వాడ భాషలో బట్టబయలు చేయడం అంతే అవసరం.

యూనివర్సిటీలకి నా డిమాండ్లు మూడే. ప్రతి ప్రాస్పెక్టస్‌లో ప్రతి పొట్టి అక్షరానికీ తెలుగులో అర్థం, పక్కనే రూపాయల్లో దాని ఖర్చు రాయండి. వెబ్ ఆప్షన్ల పేజీలో ఈ సీటుకి స్కాలర్‌షిప్ వర్తిస్తుందా లేదా అన్నది ఆ వరసలోనే చూపించండి. అడ్మిషన్ల రోజుల్లో ఎస్సీ ఎస్టీ సెల్ వాళ్లని గదిలో కాదు, గేటు దగ్గర కూర్చోబెట్టండి. ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు కాదు. చేయకపోతే అది మీకు చేతకాక కాదని మాకు అర్థమవుతుంది.

విద్యార్థి సంఘాల తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. అంబేద్కర్ జయంతికి ఫ్లెక్సీ కట్టడం మనకి వచ్చు. ఈ జూన్, జూలైలో మండలానికో బల్ల వేసి కూర్చోండి. ఆప్షన్లు పెట్టేముందు ఒక్కసారి మనవాళ్ల ఫోను మీ చేతిలోకి తీసుకుని చూడండి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీలు మూడు గ్రూపులు. తమది ఏ గ్రూపో, సర్టిఫికెట్‌లో సరిగా పడిందో లేదో చాలామందికి తెలియదు. గ్రూపు ఏదైనా, అడిగిన పిల్లవాడికి చెప్పండి. అక్కడ మాల మాదిగ లెక్కలు వద్దు.

ఆ పిల్ల సంగతి అడుగుతారు. రెండో విడత ఆప్షన్లు ఎల్లుండి అర్ధరాత్రి దాకా ఉన్నాయి. నిన్న ఇద్దరం ఫోన్లో కూర్చుని వరసలన్నీ మార్చాం. రెగ్యులర్ సీటు వస్తుందో రాదో తెలియదు. ఫోను పెట్టేసేముందు, "అన్నా, మా ఊర్ల ఇంకో ముగ్గురున్నరు, వాళ్లవి నేను చూస్త" అంది.

మీ ఊళ్లో ఎంతమంది ఉన్నారో ఈ రాత్రే అడగండి.

జై భీమ్.

(వచ్చే భాగం: మెస్ బకాయి ఎవరిది, పస్తు ఎవరిది)