వెనక్కు నడిచే కథ

బాలలారా! కథ అంటే "అనగా అనగా ఒక రాజు" అని మొదలై, వరుసగా సాగవలసిందేనా? అక్కరలేదు. నడుమ ఎత్తుకుని వెనక్కు వెళ్లే కథలు మనకు కొత్తవి కావు.

జనగామ జిల్లాలో బమ్మెర అనే ఊరున్నది. 15వ శతాబ్దంలో భాగవతాన్ని తెలుగు చేసిన పోతనగారి ఊరని దానికి పేరు. అందులోని గజేంద్రమోక్షం మీరు వినే ఉంటారు. మొసలి ఏనుగు కాలు పట్టుకున్నది. ఏనుగు పెనుగులాడి, అలసి, మొరపెట్టుకున్నది. విష్ణుమూర్తి వచ్చి కాపాడాడు. అంతా అయినాక గాని అసలు సంగతి బయటపడదు: వెనుకటి జన్మలో ఏనుగు ఇంద్రద్యుమ్నుడనే రాజు, మొసలి హూహూ అనే గంధర్వుడు. మునుల శాపంవల్ల ఇలా పుట్టారు! ఇది ముందే చెప్పేస్తే, "ఎందుకిలా జరిగింది?" అని మనం అడగనే అడగం. ఆ ప్రశ్న పుట్టించటమే ఇందులోని కిటుకు.

పాఠానికీ ఇది పనికివస్తుంది. భూపాలపల్లిలో బొగ్గుగనులున్నాయి గదా! బొగ్గు పాఠాన్ని కోట్ల ఏళ్ల వెనుకనుంచి మొదలుపెడితే కొందరికి ఆవలింతలు వస్తాయి. వెలిగే దీపంతో మొదలుపెట్టండి. దీపానికి కరెంటు ఎలా వచ్చింది? ఆ దగ్గరి చెల్పూరు కేంద్రంలో బొగ్గు మండించి, ఆవిరితో చక్రాలు తిప్పి తీస్తారు. మరి బొగ్గో? 25 కోట్ల ఏళ్లకు పైబడిన మాట. బురదనేలల్లో చెట్లు కూలాయి. వాటిమీద ఇసుకా మన్నూ పేరుకున్నాయి. ఆ బరువుకూ వేడికీ చెట్లే బొగ్గయినాయి. అంటే, ఆనాటి ఆకులు పట్టుకున్న ఎండే ఈనాడు దీపమై వెలుగుతున్నదన్నమాట!

మహబూబాబాద్ జిల్లా పిల్లలు బయ్యారం చెరువును పట్టుకుని ఇలాగే వెనక్కు నడవవచ్చు. పొలంలోని నీటినుంచి కాలువకు, కాలువనుంచి తూముకు, తూమునుంచి కట్టకు. కట్ట ఎవరు వేయించారు? 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ. అక్కడి శాసనమే సాక్ష్యం.

పెద్దలకు ఒక మాట. కథ వెనక్కు నడిచినా కాలం వెనక్కు నడవదు. కథ అయినాక చెట్టు, బొగ్గు, కరెంటు, దీపం అని నాలుగు చీటీలు రాసి, కలిపి, పిల్లలచేత వరుసగా పేర్పించండి. ఒక చీటీనుంచి మరొక చీటీకి "అందువల్ల" అంటూ కారణం చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. చెప్పలేకపోతే కథ మాత్రమే విన్నారన్నమాట; మళ్లీ చెప్పవలసిందే.

ఈ సాయంత్రం మీ ఇంట్లో ఒక వస్తువును ఎంచుకోండి. ఉప్పు గాని, చొక్కా గాని, ఏదైనా సరే. వెనక్కు ఎంతదూరం నడవగలరో చూడండి!