కొన్నది మనం, తాళంచెవి వారిదా?

ఇల్లు అమ్మినవారు తాళంచెవుల గుత్తి మొత్తం కొన్నవారి చేతికి అప్పగిస్తారు. ఒక గది తాళంచెవి మాత్రం మా దగ్గరే ఉంటుంది, ఆ గదిలో ఏమి పెట్టాలో ఏమి తీయాలో మేమే చూసుకుంటాం అని అంటే ఆ బేరం అక్కడికక్కడే తెగిపోతుంది. అలాంటి బేరాన్నే మనం స్మార్ట్‌ఫోను విషయంలో మారుమాట లేకుండా ఒప్పుకుంటున్నాం. పూర్తి ధర చెల్లిస్తాం, లేదా నెలనెలా వాయిదాలు కడతాం. రసీదు మీద మన పేరే ఉంటుంది. అయినా ఆ పరికరం మీద అత్యున్నత అధికారం తయారీదారు దగ్గరే ఉండిపోతుంది. ఆ అధికారాన్ని సాంకేతిక పరిభాషలో రూట్ యాక్సెస్ అంటారు.

ఆండ్రాయిడ్‌కు పునాది లినక్స్. ఆ కుటుంబానికి చెందిన వ్యవస్థలలో సర్వాధికారాలు గల ఖాతా పేరు రూట్. ఏ ఫైలునైనా చదవడానికి, మార్చడానికి, అక్కర లేని యాప్‌ను పూర్తిగా తొలగించడానికి ఆ ఖాతాకు అధికారం ఉంటుంది. కంప్యూటరు కొన్నవారికి ఆ ఖాతా దక్కుతుంది, ఫోను కొన్నవారికి దక్కదు. ఎందుకు దక్కదని అడిగితే, మీ భద్రత కోసమే అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు చెల్లదని మేము అంటున్నాం. అది చెల్లదని ఆండ్రాయిడ్ ఫోను పుట్టిన తొలి వారాలలోనే రుజువైంది. ఆ చరిత్రను నేడు గుర్తు చేసుకోవలసిన అవసరం ఉంది.

తొలి ఆండ్రాయిడ్ ఫోను 2008 అక్టోబరు 22న అమెరికాలో అమ్మకానికి వచ్చింది. దానిని తైవానుకు చెందిన హెచ్‌టీసీ తయారు చేసింది, టీ-మొబైల్ సంస్థ జీ1 అనే పేరుతో అమ్మింది. రెండేళ్ల ఒప్పందంతో ధర 179 డాలర్లు. 192 ఎంబీ ర్యామ్, పక్కకు జరిగే తెర, దాని కింద అక్షరాల మీటలు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫోను అని దానికి విస్తృత ప్రచారం లభించింది. కానీ కొన్నవారికి అందులో రూట్ ఖాతా ఇవ్వలేదు.

కొద్ది రోజులకే వింత ఒకటి బయటపడింది. ఆ ఫోనులో వాడుకరి ఏ యాప్‌లో ఏమి టైపు చేసినా, ఆ అక్షరాలన్నీ తెర వెనుక రూట్ అధికారంతో నడుస్తున్న ఒక ఆదేశ ద్వారానికి కూడా చేరుతున్నాయి. ఎవరికో సందేశం రాస్తూ రీబూట్ అనే మాట టైపు చేసి ఎంటర్ నొక్కితే ఫోను నిజంగానే ఆగి మళ్లీ మొదలయ్యేది. తయారీ దశలో పరీక్షల కోసం వాడే ద్వారాన్ని మూయడం మరచి ఫోనును బజారులోకి వదిలారు. టెల్‌నెట్‌డీ అనే మాట టైపు చేసి, ఆ తరువాత ఫోనుకు అనుసంధానమైతే రూట్ అధికారం చేతికి వచ్చేది. ఇది పెద్ద లోపం, పూడ్చవలసిన లోపమే. ఇందులో మాకు భిన్నాభిప్రాయం లేదు.

2008 నవంబరులో ఆర్‌సీ30 అనే అప్‌డేట్ గాలిలోనే ప్రతి ఫోనుకూ చేరింది, లోపం పూడింది. దానితోపాటు, తమ ఫోనుకు తాము నిజమైన యజమానులమని అప్పుడప్పుడే సంతోషిస్తున్నవారి అధికారమూ పోయింది. అప్పుడు వారు ఏమి చేశారన్నదే ఈ చరిత్రలో అసలు ఘట్టం.

వారు ముందు వెనక్కి నడిచారు. మెమరీ కార్డులో పాత ఆర్‌సీ29 ఫైలును ఉంచి, కెమెరా బటన్‌ను, పవర్ బటన్‌ను కలిపి నొక్కి ఫోనును తెరిస్తే పాత వ్యవస్థ తిరిగి ఎక్కేది. దీనినే డౌన్‌గ్రేడ్ అంటారు. అందులోని లోపం ద్వారా రూట్ సాధించి, ఫోనును బాగుచేసే రికవరీ విభాగాన్ని తమదైన దానితో మార్చారు. ఆ తరువాత మళ్లీ ముందుకు నడిచారు. ఒక స్వతంత్ర ప్రోగ్రామరు ఆర్‌సీ30ను సవరించి విడుదల చేశాడు. అందులో కంపెనీ పూడ్చిన లోపం పూడ్చినట్లే ఉంది, రూట్ అధికారం మాత్రం యజమాని చేతిలో ఉంది. కంపెనీ పంపే తరువాతి అప్‌డేట్ తనంతట తాను ఎక్కి ఆ అధికారాన్ని తుడిచివేయకుండా జాగ్రత్త కూడా తీసుకున్నారు.

ఈ సంఘటన చెప్పేదేమిటి? భద్రత, యాజమాన్యం ఒకే ఫోనులో ఇముడుతాయి. గోడకు పడిన కన్నాన్ని పూడ్చడం ఒక పని, ఇంటివారి తాళంచెవిని తీసుకుపోవడం మరొక పని. మొదటి పని చేస్తూ రెండవ పనిని కూడా దానిలో కలిపి, రెండింటికీ భద్రత అని ఒకే పేరు పెట్టారు. ఎవరి జీతమూ తీసుకోని ఒక ప్రోగ్రామరు వాటిని విడదీసి చూపగలిగినప్పుడు, వేల మంది ఇంజినీర్లు ఉన్న సంస్థలకు అది చేతకాదని ఎలా నమ్మమంటారు?

చేతకాకపోవడం కాదు, ఇష్టం లేకపోవడమే కారణమని చెప్పడానికి మరో ఆధారం ఉంది. అదే సంవత్సరం డిసెంబరులో, అదే ఫోనును, అవే భాగాలతో, తాళాలు తెరిచి డెవలపర్ల కోసం 399 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. 2010 జనవరిలో వచ్చిన నెక్సస్ వన్ ఫోనులో ఒక ఆదేశంతో తాళం తెరుచుకునేది. వారంటీ పోతుందన్న హెచ్చరిక తెరపై కనిపించేది, అంగీకరిస్తే ఫోను మీ అధీనంలోకి వచ్చేది. అంటే మార్గం వారికి తెలుసు. హెచ్చరించి, నిర్ణయాన్ని యజమానికి వదలడమే ఆ మార్గం. కొందరికి ఇవ్వగలిగినదాన్ని అందరికీ ఇవ్వరాదని నిర్ణయించిన హక్కు ఎవరిది?

రూట్ ప్రమాదకరం కదా అని కొందరు మిత్రులు అడుగుతారు. నిజమే. రూట్ ఉన్న ఫోనులో ఒక దుష్ట యాప్‌కు అనుమతి ఇస్తే అది సర్వమూ దోచుకోగలదు. పొరపాటున ఒక ముఖ్యమైన ఫైలును చెరిపితే ఫోను ఇటుకరాయిలా పడి ఉంటుంది. కానీ వంటగదిలో గ్యాస్ పొయ్యి కూడా ప్రమాదకరమే. దానిని ఎలా వాడాలో చెబుతారు, జాగ్రత్తలు సూచిస్తారు, అంతేగాని వంటగదికి తాళం వేసి వెళ్లరు. వద్దనుకునేవారికి తాళం వేసిన ఫోనే ఉండనివ్వండి. కావాలనుకునేవారికి దారి మూయవద్దన్నదే మా మాట.

వెనక్కి నడిచే దారి ఎందుకు ముఖ్యమో ఐరోపాలో జరిగిన రెండు విచారణలు స్పష్టం చేశాయి. 2018 అక్టోబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు, యాపిల్‌కు కోటి యూరోలు జరిమానా విధించింది. గెలాక్సీ నోట్ 4 వంటి పాత ఫోన్లు మోయలేని కొత్త వ్యవస్థను ఎక్కించుకోమని వినియోగదారులను పదేపదే ప్రేరేపించారని, ఫోను దెబ్బతిన్న తరువాత పూర్వస్థితికి తెచ్చుకునే మార్గం ఇవ్వలేదని ఆ సంస్థ తప్పుపట్టింది. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సులో యాపిల్‌పై 2.5 కోట్ల యూరోల జరిమానా పడింది. అప్‌డేట్ వల్ల పాత ఐఫోను నెమ్మదించవచ్చన్న సంగతిని ముందుగా చెప్పలేదన్నది అభియోగం. పాత వ్యవస్థకు మరలే వీలు లేక చాలామంది బ్యాటరీ మార్చుకోవలసి వచ్చిందని, లేదా కొత్త ఫోను కొనవలసి వచ్చిందని అక్కడి అధికారులు గుర్తించారు. వెనుక వంతెనను కూల్చిన తరువాత ముందుకు రమ్మనడం ఆహ్వానం అనిపించుకోదు.

ఈ విచారణలు ఇలా ఉండగా తాళాలు మరింత బిగుసుకున్నాయి. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8తో పాత వ్యవస్థను తిరిగి ఎక్కనివ్వని రోల్‌బ్యాక్ నిరోధానికి ఏర్పాటు జరిగింది. పాత లోపాన్ని దొంగలు తిరిగి తెరవకుండా ఇది అడ్డుకుంటుందన్నది వాస్తవం. కానీ తాళం వేసిన ఫోనులో దొంగకూ యజమానికీ మధ్య తేడా చూడదన్నది కూడా వాస్తవమే. కొన్ని శాంసంగ్ ఫోన్లలో కంపెనీది కాని వ్యవస్థను ఎక్కిస్తే లోపలి ఎలక్ట్రానిక్ ఫ్యూజు ఒకటి శాశ్వతంగా కాలిపోతుంది. తరువాత కంపెనీ వ్యవస్థనే తిరిగి ఎక్కించినా ఆ ముద్ర చెరగదు. తన వస్తువును తాను ముట్టుకున్నందుకు యజమానికి చెరగని మచ్చ వేయడం ఏ న్యాయం?

ఇది ధనవంతుల సరదాకు సంబంధించిన చర్చ అని ఎవరైనా భావిస్తే పొరపాటు. ఏటా కొత్త ఫోను కొనగలిగినవారికి పాత ఫోను అప్‌డేట్‌తో పని లేదు. అన్న వాడిన ఫోను తమ్ముడికి, తమ్ముడి నుంచి అమ్మీకి చేరే ఇళ్లలోనే ఈ ప్రశ్న పుడుతుంది. హైదరాబాదులో జగదీశ్ మార్కెట్ వంటి చోట్ల పాత ఫోను బేరమాడే కుటుంబాలకు అది బడి, బ్యాంకు, దరఖాస్తు కేంద్రం. 2023 అక్టోబరు 24 నుంచి వాట్సాప్ ఆండ్రాయిడ్ 5 కంటే పాత వ్యవస్థలున్న ఫోన్లకు సేవలు ఆపివేసింది. ఆ ఫోన్లలో తెర వెలుగుతోంది, మాట వినిపిస్తోంది, పాడైన భాగం ఏదీ లేదు. అప్‌డేట్ రాకపోవడమొక్కటే వాటి జబ్బు.

ఆ జబ్బుకు మందు ఉంది. జీ1కు కంపెనీ అప్‌డేట్లు ఆండ్రాయిడ్ 1.6 దగ్గర ఆగిపోయాయి. స్టీవ్ కోండిక్ మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్ బృందం దానికి ఆండ్రాయిడ్ 2.2 అందించింది. తయారీదారు చేయలేమని వదిలిన పనిని వాడుకరులు చేసి చూపించారు. ఆ కృషి 2016 చివరి నుంచి లీనియేజ్‌ఓఎస్ పేరుతో కొనసాగుతూ, కంపెనీలు వదిలేసిన ఎన్నో ఫోన్లకు భద్రతా సవరణలు అందిస్తోంది. అయితే తాళం తెరవగల ఫోన్లకు మాత్రమే ఈ మందు పనికివస్తుంది.

తాళం తెరిచినవారికి ఇంకొక శిక్ష ఎదురవుతోంది. చాలా బ్యాంకు, చెల్లింపుల యాప్‌లు రూట్ చేసిన ఫోనులో తెరుచుకోవు. తాజా భద్రతా సవరణలున్న స్వతంత్ర వ్యవస్థను అనుమానించే యాప్‌లే, ఏళ్ల తరబడి ఒక్క సవరణ కూడా అందని కంపెనీ వ్యవస్థను నమ్మకంగా లోపలికి రానిస్తున్నాయి. దీనిని భద్రత అనగలమా? ఇది ముద్ర ఎవరిదన్న పరీక్షే తప్ప, ఫోను ఎంత క్షేమంగా ఉందన్న పరీక్ష కాదు.

చట్టాలు కదలడం మొదలైంది. అమెరికాలో ఫోను తాళం తెరవడం నేరం కాదని 2010 జులైలో మినహాయింపు ప్రకటించారు. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు, అమ్మకాలు ముగిసిన తరువాత కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందేలా చూడాలని చెబుతున్నాయి. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీని ఏర్పాటు చేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్‌ను ప్రారంభించింది. ఇది ఆహ్వానించదగినదే. కానీ మరమ్మతు అంటే తెర, బ్యాటరీ మార్చడం మాత్రమేనా? సాఫ్ట్‌వేర్ ఆగిపోతే బ్యాటరీ కొత్తదైనా ప్రయోజనం ఏమిటి?

కాబట్టి మేము నాలుగు కోరుతున్నాం. కొనే ముందే, పెట్టె మీదే, ఆ ఫోనుకు అప్‌డేట్లు ఎప్పటి వరకు వస్తాయో ముద్రించాలి. అప్‌డేట్ వల్ల ఫోను నెమ్మదిస్తే పూర్వస్థితికి మరలే దారి ఉండాలి. కంపెనీ మద్దతు ముగిసిన రోజున తాళం తెరిచే మార్గాన్ని యజమానికి ఇవ్వడం తప్పనిసరి కావాలి. ప్రభుత్వ సేవ గానీ బ్యాంకు సేవ గానీ యాప్ ఒక్కటే దారిగా ఉండరాదు, పాత ఫోను ఉన్నవారికి వెబ్‌సైటు ద్వారానో కౌంటరు దగ్గరో అదే సేవ అందాలి.

అంతవరకు మన ఇళ్లలో కొన్ని జాగ్రత్తలు పాటిద్దాం. పాత ఫోనుకు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ఫొటోలు, నంబర్లు, కాగితాల ప్రతులు మరొక చోట భద్రపరచిన తరువాతే అంగీకరిద్దాం. ఆ మోడలులో వెనక్కి మరలే వీలుందో లేదో ముందే విచారిద్దాం. కేవలం భద్రతా సవరణలు అయితే ఆలస్యం చేయవద్దు. బ్యాంకు లావాదేవీలు నడిచే ఫోనును రూట్ చేయవద్దు. మూలన పడిన మరో ఫోను ఉంటే, తెలిసినవారి సాయంతో స్వతంత్ర వ్యవస్థను ఎక్కించి పిల్లల చదువుకు వాడుకోవచ్చు. కానీ తాళం తెరిస్తే అందులోని సమాచారమంతా సాధారణంగా చెరిగిపోతుందని గుర్తుంచుకోవాలి. ఎవరో ఇచ్చిన గుర్తు తెలియని ఫైలును మాత్రం ఎక్కించవద్దు.

మన కార్యకర్తలు వినియోగదారుల వేదికలలో మరమ్మతు హక్కు ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ మాట కూడా ఎత్తాలి. తెర పగిలితే ఫిర్యాదు చేయడం మనకు తెలుసు. అప్‌డేట్ తరువాత ఫోను పాడైనా, మద్దతు ముగిసి ఫోను పనికిరాకుండా పోయినా అది కూడా ఫిర్యాదుకు తగిన నష్టమేనని మనమే ముందుగా నమ్మాలి. ఆ నమ్మకంతో ఒక్కొక్క ఇంటి నుంచి ఒక్కొక్క ఫిర్యాదు లిఖితపూర్వకంగా వెళ్లాలి.