సగం రథం విలువెంత?

ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచాలో ఓ తెలుగు ఇంటి వరండా. రైల్వే కొలువు కోసం తాతలు వలస వచ్చిన కుటుంబాల కుర్రాళ్లు నలుగురు నోటుపుస్తకాలు ముందేసుకుని యుద్ధం చేస్తున్నారు. ముగ్గురిదీ తలా ఓ వీరుడి పాత్ర. దెబ్బ తగిలిందో లేదో చెప్పే పెద్దరికం నాలుగోవాడిది. ఒకడి పుస్తకం నిండా అంకెలే: బలం 17, చురుకుదనం 12. పక్కవాడి పుస్తకంలో ఉన్నది ఒకే వాక్యం: 'చక్రాన్ని సుత్తితో కొట్టి, చప్పుడును బట్టి పగులు పసిగట్టే రైల్వే మనిషి'. చీకట్లో కత్తి దూసుకొచ్చింది. చప్పుడు విని తప్పుకున్నానంటాడు వీడు. నీ చెవికి ఎన్ని మార్కులో ముందే రాశావా అంటాడు వాడు. ఆట ఆగిపోయింది.

పిల్లల తగువే అయినా దీని వయసు రెండు శతాబ్దాలు. ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ 1824లో తెచ్చిన యుద్ధక్రీడలో ఏ కాల్పుకు ఎంత నష్టమో పట్టికలు, పాచికలు తేల్చేవి. ఈ పట్టికల గొడవ వదిలేసి అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తీర్పునే నమ్ముకోమన్నాడు మరో ప్రష్యన్ అధికారి వెర్డీ దు వెర్నోయిస్, 1876లో. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో విడుదల చేసిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తిరిగి అంకెలకే పట్టం కట్టింది. బలం, తెలివి సహా ఆరు గుణాలకు మూడు పాచికలు వేసి 3 నుంచి 18 లోపు విలువ ఇచ్చింది. 1991 నాటి 'యాంబర్' ఆట అసలు పాచికలనే పారేసింది.

అంకెల వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. వర్ణనే ప్రమాణమైతే మాటకారి ప్రతిసారీ గెలుస్తాడు. మధ్యవర్తి స్నేహితుడైతే ఇక చెప్పేదే లేదు. నోరు లేనివాడికి 17 అనే అంకే అండ. అంకెకు పక్షపాతం ఉండదు కదా?

ఉంటుందని గుర్తు చేసింది లోపలి నుంచి ఇదంతా వింటున్న నాయనమ్మ: "కర్ణుణ్ణి సగం రథం అన్నది ఎవర్రా?"

కురుక్షేత్రానికి ముందు జరిగిన లెక్క అది. సంస్కృత భారతం ఉద్యోగ పర్వంలో భీష్ముడు రెండు సేనల వీరులనూ రథులు, అతిరథులు అంటూ విలువ కడతాడు. భీముడు ఎనిమిది రథాల పెట్టు. కర్ణుడు అర్ధరథుడు. కారణాలూ చెప్పాడు: కవచ కుండలాలు పోయాయి, పరశురాముడి శాపం ఉంది. ద్రోణుడూ అవునన్నాడు. కర్ణుడికి మాత్రం అందులో కనిపించింది ద్వేషమే. భీష్ముడు బతికి ఉండగా యుద్ధం చేయనని తేల్చేశాడు. 18 రోజుల యుద్ధంలో మొదటి పది రోజులూ కర్ణుడు లేకుండానే కౌరవులు పోరాడారు. కారణాలు వెనకబడిపోయాయి. 'సగం' అన్న మాటే మిగిలింది. అదే భీష్ముడు అర్జునుడి దగ్గరకు వచ్చేసరికి రెండు సేనల్లోనూ అతడికి సాటి లేరన్నాడు. అంటే లెక్క ఆగి వర్ణన మొదలైంది.

వర్ణనలో పక్షపాతం ఆట మధ్యలో బయటపడుతుంది, అక్కడికక్కడే నిలదీయవచ్చు. అంకెలో అయితే ఆట మొదలవక ముందే చేరి కూర్చుంటుంది. ఆ తర్వాత అందరూ కూడికలు, తీసివేతలు సరిచూస్తారే తప్ప అసలు అంకె వేసిందెవరని అడగరు. 1951 నుంచి ఐఐటీ ఉన్న ఊరిది. పిల్లల సత్తాను ర్యాంకుతో తూచడం ఇక్కడివారికి కొత్త కాదు. ర్యాంకు లేకుంటే సీటు సిఫారసుల పాలవుతుంది, నిజమే. కానీ ర్యాంకే మనిషి అనుకుంటే మరో కర్ణుడు తయారవుతాడు. తగవు తీర్చడానికి అంకె కావాలి. ఆ అంకె దేనికి పడిందో చెప్పే వాక్యమూ దాని పక్కనే ఉండాలి.

వరండాలో రాజీ కుదిరింది. రెండోవాడు రైల్వే మనిషి వాక్యాన్ని కొట్టేయలేదు. దాని పక్కన చిన్న అక్షరాలతో 'చెవి 14' అని చేర్చాడు. మొదటివాడు తన 17 వంక కాసేపు చూసి, అది ఎక్కడి నుంచి వచ్చిన బలమో రాయడానికి పెన్ను తీశాడు.