నడిబజారు ఎవరిది?

పట్టణాభివృద్ధి అనగానే మనలో చాలామందికి తోచేది వెడల్పాటి రోడ్డు, నడుమ డివైడరు, దానిమీద వరుసగా విద్యుద్దీపాలు. ఇవి అవసరం లేదని ఎవరూ అనరు. కాని ఊరి నడిబజారు బాగుపడటమంటే ఇంతేనా? అక్కడ బతికేవాళ్లు బాగుపడటం లెక్కలోకి రాదా? ఈ ప్రశ్నకు జవాబు కాంట్రాక్టరు దగ్గర దొరకదు, పురపాలక సంఘంలో దొరకాలె అని నా అభిప్రాయం.

మా హుస్నాబాద్‌నే తీసుకుందాం. ఒకప్పుడు గ్రామపంచాయతీ, తర్వాత నగర పంచాయతీ, ఆపైన మున్సిపాలిటీ అయింది. కరీంనగర్ జిల్లాలో ఉన్న ఊరు 2016లో సిద్దిపేట జిల్లాలో చేరింది. బోర్డులు మారినయి. కాని నడిబజారు మీద పెత్తనం ఎవరిదంటే ఒక్క మాటలో చెప్పలేం. ఊరిమీదుగా పోయే సిద్దిపేట-ఎల్కతుర్తి రోడ్డు జాతీయ రహదారి; దాని వెడల్పు సంగతి రహదారులవాళ్లు చూస్తారు. బస్టాండు ఆర్టీసీది. మార్కెట్ యార్డు మార్కెటింగ్ శాఖది. చెరువు నీటిపారుదల శాఖది. మురికికాలువ, చెత్తబండి, వీధిదీపం మాత్రం మున్సిపాలిటీవి! రోడ్డు ఎత్తు పెరిగి దుకాణంలోకి వాననీళ్లు వస్తే జనం నిలదీసేది వార్డు కౌన్సిలర్‌నే. అధికారం ఒకరిది, తిట్లు ఇంకొకరికి.

రాజ్యాంగం ఆశించింది ఇది కాదు. 1992 నాటి 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండో షెడ్యూలులో 18 అంశాలున్నయి. పట్టణ ప్రణాళిక, రోడ్లు, పార్కింగు, బస్‌స్టాపులు, మరుగుదొడ్లు అన్నీ అందులోవే. అయితే వాటిని అప్పగించే పనిని రాష్ట్రాల ఇష్టానికి వదిలిపెట్టినారు. చిక్కంతా అక్కడనే ఉంది.

కొందరు మిత్రులు అంటారు: "కౌన్సిల్ అంటే కొట్లాటలే గదా, ఆఫీసర్ చేతికిస్తే పని జల్ది అయితది." ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. బ్రెజిల్ దేశంలోని కురిటిబా నగరంలో 1972లో మేయర్ జైమే లెర్నర్ నడిబజారు వీధిని మూడు రోజుల్లో వాహనాలు లేని నడకదారిగా మార్చినాడు. ఆయన ఎన్నికైనవాడు కాదు, సైనిక పాలనలో నియమితుడైనవాడు. మొదట ఎదిరించిన వ్యాపారులే తర్వాత ఇంకొంత దూరం పొడిగించమన్నారు. కాని లెర్నర్ ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊరి ప్రణాళికా సంస్థలో పనిచేసినవాడని మరువరాదు. మన రాష్ట్రంలో 2025 జనవరి చివర కౌన్సిళ్ల గడువు తీరినంక ప్రత్యేకాధికారులు వచ్చినారు. ఎంత మంచి అధికారి అయినా వేరే బాధ్యతలు నెత్తిన ఉంటయి. బదిలీ ఉత్తర్వు వస్తే పోవలసినవాడే. తప్పు జరిగితే మళ్ల ఐదేండ్లకు ఓటడగటానికి మన గడపకు రాడు.

అందరికన్న ఎక్కువ ముప్పు రోడ్డుపక్క కూరగాయలు, పూలు, మిర్చిబజ్జీలు అమ్ముకునేవాళ్లకు. రోడ్డు వెడల్పు చేస్తే ముందు లేచేది వాళ్ల గంపలే. ఇంటిజాగ ఉన్న దుకాణదారు చేతిలో పరిహారం అడగటానికి కాగితం ఉంటది. గంప ముందర పెట్టుకొని కూసున్న అవ్వకు ఏముంటది? 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఆమెకూ హక్కు ఇచ్చింది. సర్వే పూర్తయ్యేదాకా లేపరాదు. లేపవలసి వస్తే 30 రోజుల నోటీసు ఇయ్యాలె. పట్టణ వీధి వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలె, వారిలో మూడోవంతు స్త్రీలు. ఆ కమిటీకి అధ్యక్షుడు మున్సిపల్ కమిషనర్. కమిటీ కూర్చున్నదా, సర్వే అయిందా అని నిలబడి అడగవలసిన చోటు కౌన్సిల్ సమావేశమే. ఆ గొంతు లేకుంటే చట్టం బీరువాలో ఉంటది. ఊరవతల కొత్త మార్కెట్ కట్టి అమ్మేవాళ్లను అక్కడికి పంపవచ్చు. కొనేవాళ్లను పంపే చట్టం మాత్రం ఏదీ లేదు. అందుకే జాగ ఎక్కడో పునాది తియ్యకముందే ఆ గంపలవాళ్లను అడగాలె.

మరి మనం చేయగలిగేదేమిటి? తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కొక్కదానిలో 15 మంది సభ్యులు. స్త్రీలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు ఉన్నట్లే యువజనులకూ ఒక కమిటీ ఉన్నది. యూనియన్ ఎన్నికల్లో గోడలనిండా రాసి, గొంతులు పోయేదాకా అరిచే మనం, మన వార్డు కమిటీ పేరైనా విన్నామా? ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి ఆ 15 పేర్లు అడగండి. పేర్లు ఉంటే వాళ్లను కలవండి. లేకుంటే మీ పేరు ఇయ్యండి.