ఇల్లు హాస్టలైంది, ఎలక్ట్రీషియన్ మారలేదు

ఉస్మానియా క్యాంపస్ చుట్టూ, తార్నాక, హబ్సిగూడ వీధుల్లో ఒక కుటుంబం కోసం కట్టిన ఇళ్లు ఎన్నో ఇప్పుడు హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. గదికో గీజరు, పైన ఏసీ, మంచం కింద వార్డెన్‌కు తెలియని ఇండక్షన్ స్టవ్. వాడకం వ్యాపారానిది, వైరింగ్ ఇంటిది. ఏదైనా ట్రిప్ అయితే ఓనరు పిలిచేది కూడా మొదట్లో ఆ ఇంటికి ఫ్యాన్లు బిగించిన మనిషినే.

అతని పని తక్కువదేమీ కాదు. గోడలో పాత వైరు ఎక్కడ తెగిందో నక్షా లేకుండా పట్టుకోవడం ఏళ్ల అనుభవంతో గానీ రాదు. కానీ 230 వోల్టుల సింగిల్ ఫేజు నుంచి 415 వోల్టుల త్రీఫేజుకు వెళ్తే ఆలోచనే మారాలి. లోడును మూడు ఫేజులకూ సమంగా పంచాలి. మెయిన్‌లో న్యూట్రల్ ఊడితే కరెంటు పోదు. లోడు తక్కువున్న ఫేజు మీద వోల్టేజీ 400 దాకా ఎగబాకవచ్చు. టీవీలు, ఫ్రిజ్‌లు ఒక్క దెబ్బకు కాలిపోతాయి. కంప్యూటర్లు, ఎల్‌ఈడీ దీపాలు నిండిన ల్యాబుల్లో ఇంకో చిక్కు. లోడు సమంగా ఉన్నా, మూడో హార్మోనిక్, దాని బేసి గుణిజాలు న్యూట్రల్‌లో కలిసి ఆ వైరు వేడెక్కుతుంది. టెస్టరు వెలిగిందని ఇవేవీ తేలవు. కరెంటు కొలిచే క్లాంప్ మీటరు, ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గరు పట్టి కొలవాలి, లెక్క కట్టాలి.

250 వోల్టుల్లోపు బల్బు, ఫ్యాను, స్విచ్చు, ఫ్యూజు మార్చడం వంటివి తప్ప, వైరింగులో ఏ మార్పైనా లైసెన్సున్న కాంట్రాక్టరు, పర్మిటున్న పనివారే, అర్హతగల సూపర్‌వైజర్ పర్యవేక్షణలో చేయాలన్నది 1956 భారత విద్యుత్ నిబంధనల నాటి నుంచీ ఉన్నదే. ఇల్లా, దుకాణమా అని నియమం చూడదు. సొంతింటి యజమానుల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఇంటినీ, మిగతా భవనాలనూ వేరుగా చూసే చోట్లూ ఉన్నాయి. అమెరికాలోని టెక్సాస్‌లో ఇళ్లకే పరిమితమైన వైర్‌మన్ లైసెన్సుకు 4,000 గంటల పని అనుభవం కావాలి; అన్ని భవనాల్లో పనిచేసే జర్నీమన్‌కు 8,000. మన ఐటీఐలో పదో తరగతి తర్వాత రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సులో ఇంటి వైరింగూ, మోటార్లూ, ట్రాన్స్‌ఫార్మర్లూ అన్నీ ఉంటాయి. ఆ తర్వాత ఎవరు ఏ సైట్లో కుదిరితే ఆ పనే చేతికొస్తుంది. మేస్త్రీ వెంట హెల్పరుగా తిరిగి నేర్చుకున్నవారికి ఆ రెండేళ్లూ లేవు. టెక్సాస్ తరహా విభజన ఇక్కడ పనికిరాదని నా అభిప్రాయం. ఇవాళ్టి ఇల్లు రేపు హాస్టలయ్యే ఊర్లో, ఇంటి పని తెలిసిన మనిషిని పైమెట్టు ఎక్కించే శిక్షణే అవసరం.

దానికి ల్యాబులు దూరంగా లేవు. 1929లో మొదలైన ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల క్యాంపస్‌లోనే ఉంది. మల్లేపల్లి ఐటీఐతో కలిసి, పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్లకు సాయంత్రం తరగతులు పెట్టి పర్మిటు పరీక్షకు తయారుచేయాలి. ఓనర్లూ, హాస్టల్ బోర్డు తగిలించే ముందు ఎలక్ట్రీషియన్‌ను పర్మిటు అడగండి, మెగ్గరు రీడింగు కాగితం మీద రాయించుకోండి.