గింజ ఎంచినవాడు జవాబు చెప్పొద్దా?

మా ఇంట్లో ప్రతి ఏడూ మృగశిర రాకముందే ఒక సెలక్షన్ కమిటీ కూర్చుంటుంది. అధ్యక్షుడు మా బాపు. సభ్యులు అమ్మ, పెద్దబాపు. పత్తికి ఏ గింజ, మిరపకు ఏ గింజ అన్నది అక్కడ తేలాలి. పంట పోయిన ఏడు “ఆ గింజనే ఎందుకు తెచ్చినవ్?” అని అమ్మ అడగక మానదు. బాపు జవాబు చెప్పకా మానడు. “వానకు నేనేం జేత్త? ఇత్తనం ఎంచింది మాత్రం నేనే” అంటాడు. ఈ న్యాయం మన భారత క్రికెట్ జట్టును ఎంచే పెద్దలకు వర్తించదా అన్నదే నా ప్రశ్న.

2024లో న్యూజీలాండ్ మన గడ్డమీదే మూడు టెస్టులూ గెలిచి పోయింది. బెంగుళూరులో మనవాళ్ళు 46 పరుగులకే ఆలౌటయ్యారు. 2025 నవంబరులో దక్షిణాఫ్రికా చేతిలో 2-0. గౌహతిలో ఏకంగా 408 పరుగుల తేడా! హాస్టల్లో నలుగురం ఒకే ఫోను చుట్టూ మూగి చూశాం. ఆటగాళ్ళను తిట్టాం, కోచ్‌ను తిట్టాం. జట్టును ఎంచినవాళ్ళు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఓడిన ప్రతిసారీ సెలక్టర్లను ఇంటికి పంపాలని నేననను. అదీ చూశాం కదా. 2022లో టీ ట్వంటీ ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇంగ్లండ్ మనల్ని 10 వికెట్లతో ఓడించగానే చేతన్ శర్మ కమిటీ మొత్తాన్ని తీసేశారు. రెండు నెలలు తిరక్కముందే, 2023 జనవరిలో, ఆయన్నే మళ్ళీ అధ్యక్షుణ్ణి చేశారు. తీసిందెందుకో, పెట్టిందెందుకో మనలాంటివాళ్ళకు అర్థమైందా? కోపం చల్లార్చడం వేరు, జవాబుదారీతనం వేరు.

మన తెలుగువాళ్ళ కథే చూడండి. 2019 ప్రపంచకప్‌కు జట్టును ఎంచిన కమిటీ అధ్యక్షుడు ఎం.ఎస్.కె. ప్రసాద్ గుంటూరు వాసి. చోటు దక్కని అంబటి రాయుడూ గుంటూరు వాడే. విజయ్ శంకర్ మూడు విధాలా పనికొస్తాడని తీసుకున్నారు. సరే, అదీ ఒక కారణమే. తర్వాత ఇద్దరు గాయపడితే, స్టాండ్‌బైలో ఉన్న రాయుణ్ణి కాదని ఒకసారి పంత్‌ను, మరోసారి మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జూలై 3న రాయుడు ఆటకు స్వస్తి చెప్పాడు. వారం తిరిగేసరికి సెమీఫైనల్లో మన మొదటి ముగ్గురూ తలా ఒక్క పరుగుకే అవుటై, 18 పరుగుల తేడాతో ఓడాం. ప్రసాద్ గారు కారణాలు విడమర్చి చెప్పారు గానీ, అప్పటికి అంతా అయిపోయింది. అవి సబబైనవే కావచ్చు. ముందే చెప్పుంటే ఏం పోయేది? కారణం చెప్పనిచోట పుకారు మొలుస్తుంది. కలుపు మొలిచాక పీకడం ఎంత కష్టమో రైతుబిడ్డలకు నేను చెప్పనక్కరలేదు.

కారణాలు బయటపెడితే ఆటగాడి పరువు పోతుందని కొందరు మిత్రులంటారు. ఏ కారణమూ చెప్పకుండా పక్కన పెడితే పరువు నిలుస్తుందా? నేను ఇంటర్ చదివే రోజుల్లో మా ఊరి మిత్రుడొకడు జట్టు ఎంపికకు వెళ్ళాడు. జాబితాలో పేరు లేదు. ఎందుకని అడిగితే “నీకెందుకు, పో” అన్నారట. వాడు మళ్ళీ బంతి పట్టలేదు. లోపం ఫలానా అని చెప్పుంటే దిద్దుకునేవాడేమో!

అందుకని నేను కోరేది చిన్నదే. జట్టును ప్రకటించిన రోజే ఎవరిని ఎందుకు తీసుకున్నారో, ఎందుకు తీసేశారో నాలుగు ముక్కలు రాసి పెట్టాలి. సిరీస్ ముగిశాక, గెలిచినా ఓడినా, ఆ కాగితం ముందు పెట్టుకొని లెక్క అప్పజెప్పాలి. వానకు కాదు, గింజకు.

ఈ పద్ధతి బొంబాయి నుంచి వచ్చేదాకా ఆగడమెందుకు? వచ్చే ఏడు మన కాలేజీ జట్ల జాబితా నోటీసుబోర్డు ఎక్కేటప్పుడు దాని కింద కారణాలు కూడా ఉండేలా మన సంఘమే చూడాలి. ఊరందరికీ సుద్దులు చెప్పి మన వాకిలి ఊడ్చుకోకపోతే ఎట్లా?